కర్మాగారం ఇచ్చిన ఇంటిపేరు

తెలుగువారు ఇద్దరు కొత్తగా పరిచయమైతే మాటలు సాధారణంగా రెండు ప్రశ్నలతో మొదలవుతాయి. "తమరిది ఏ ఊరు?" అన్నది మొదటిది. "ఇంటిపేరేమిటి?" అన్నది రెండవది. ఊరు తెలిస్తే యాస తెలుస్తుంది, ఇంటిపేరు తెలిస్తే చుట్టరికం కలుస్తుంది. పూర్వీకుల గ్రామాన్ని బట్టి కొన్ని, చేసిన వృత్తిని బట్టి కొన్ని ఇంటిపేర్లు ఏర్పడ్డాయని పెద్దలు చెబుతారు. మా బిష్టుపూర్‌లో తరతరాలుగా స్థిరపడిన తెలుగు కుటుంబాలలో పిల్లల నోట హిందీ ముందు పలకవచ్చు, స్వగ్రామంలోని ఇల్లు ఏనాడో శిథిలమై ఉండవచ్చు. అయినా పూర్వీకుల నుండి వచ్చిన ఇంటిపేరు మాత్రం చెక్కుచెదరలేదు.

అటువంటి ఇంటిపేరు పక్కకు తొలగి, దాని స్థానంలో తాను బరువులు మోసిన కర్మాగారం పేరు వచ్చి చేరడం, ఆ పేరుతోనే దేశమంతా ఒక మనిషిని గుర్తించడం బహు అరుదైన విషయం. హిందీ చలనచిత్ర ప్రేక్షకులకు మూడు దశాబ్దాలకు పైగా సుపరిచితులైన హాస్యనటులు శ్రీ జానీ లీవర్ విషయంలో అదే జరిగింది. ఆయన అసలు పేరు జనుమల జాన్ ప్రకాశరావు. ఆయన అచ్చమైన తెలుగువారని తెలిసినప్పుడు మన పాఠకులలో కొందరైనా ఆశ్చర్యపోక మానరు. కర్మాగారాల నీడలో జీవించే మన ఉద్యోగ కుటుంబాలకు ఆయన జీవితం కేవలం సినిమా కబురు కాదు, మన ఇంటి కథ వంటిది. అందువల్లనే ఈ సంచికలో ఆ కథను మన పాఠకుల ముందుంచుతున్నాము.

కనిగిరి నుండి ధారావి వరకు

జాన్ ప్రకాశరావు 1957 ఆగస్టు 14వ తేదీన కనిగిరిలో ఒక తెలుగు క్రైస్తవ కుటుంబంలో జన్మించారు. అప్పటికి ప్రకాశం జిల్లా ఏర్పడలేదు. కనిగిరి తాలూకా నాడు నెల్లూరు జిల్లాలో ఉండేది. వర్షాభావం, మెట్ట పైరులు, నీటి ఎద్దడి ఆ ప్రాంతపు రైతులకు, కూలీలకు కొత్తవి కావు. పొట్ట చేతబట్టుకొని దూరదేశం పోవడమూ కొత్త కాదు. ఉత్తర కోస్తా జిల్లాల వారు ఒకప్పుడు ఓడలెక్కి రంగానికి వెళ్ళారు. రైలు ఉద్యోగాలకు ఖరగ్‌పూర్ వెళ్ళినవారు కొందరైతే, ఉక్కు కర్మాగారం పిలుపునందుకొని జంషెడ్‌పూర్ చేరినవారు మరికొందరు. బొంబాయికి వలస వెళ్ళిన తెలుగు శ్రామికుల చరిత్ర ఇంకా పాతది. ఆ నగరంలోని కామాఠిపురాకు ఆ పేరు వచ్చింది తెలుగు ప్రాంతాల నుండి వెళ్ళి కట్టడపు పనులు చేసిన కామాఠీల వల్లనే.

జాన్ తండ్రి ప్రకాశరావు గారు బొంబాయిలోని హిందుస్థాన్ లీవర్ కర్మాగారంలో ఆపరేటరుగా పనిచేసేవారు. కుటుంబం కింగ్స్ సర్కిల్, ధారావి ప్రాంతంలో నివసించేది. ఇద్దరు తమ్ముళ్ళు, ముగ్గురు చెల్లెళ్ళు ఉన్న ఇంటికి జాన్ పెద్ద కొడుకు. తెలుగిళ్ళలో పెద్ద కొడుకు అన్న మాటకు అర్థమేమిటో మన పాఠకులకు వేరుగా చెప్పనక్కరలేదు. ఇంటిలో బియ్యం నిండుకున్నప్పుడు ఆ సంగతి ముందుగా తెలిసేది వానికే.

బొంబాయిలో తెలుగువారు నెలకొల్పుకొన్న ఆంధ్ర ఎడ్యుకేషన్ సొసైటీ ఉన్నత పాఠశాలలో జాన్ చదువు సాగింది. అది ఏడవ తరగతితోనే ఆగిపోయింది. ఇంటి ఆర్థిక పరిస్థితి అంతకు మించి సాగనివ్వలేదు. పుస్తకాలు పక్కన పెట్టి, ఏదో ఒక విధంగా నాలుగు డబ్బులు తెచ్చే పనిలో దిగక తప్పలేదు.

వీధి నేర్పిన విద్య

ఆ కుర్రవాడు చేసిన పనులలో పెన్నులు అమ్మడం ఒకటి. వీధిలో పెన్నులు అమ్మేవారు ఎందరో ఉంటారు. ఒకే రకం సరుకు, ఒకే ధర. అటువంటప్పుడు దారిన పోయే మనిషి ఒకని దగ్గరనే ఎందుకు ఆగాలి? జాన్ ఆ చిక్కుముడిని తనదైన పద్ధతిలో విప్పాడు. ప్రసిద్ధ సినిమా నటుల గొంతులను, నడకలను, నృత్యాలను అనుకరిస్తూ పెన్నులు అమ్మసాగాడు. జనం నవ్వారు, నవ్వినవారు ఆగారు, ఆగినవారిలో కొందరు కొన్నారు. నవ్వించడం ఒక విద్య అనీ, ఆ విద్యకు వెల ఉంటుందనీ ఆయనకు బోధపడింది నాటకశాలలో కాదు, కాలిబాట మీద.

కొంతకాలం ఆయన హైదరాబాదు పాతబస్తీలోని యాకుత్‌పురాలో గడిపారు. దక్కనీ ఉర్దూ నుడికారం, సాగదీసి పలికే తీరు, ఎదుటివాని మాటకు వెంటనే ఎదురు మాట అంటించే చాతుర్యం ఆ ప్రాంతపు సొత్తు. తన హాస్యపు బాణీ రూపుదిద్దుకోవడంలో ఆ ప్రాంతానికి పాత్ర ఉన్నదని ఆయనే చెప్పుకున్నారు. తెలుగు, హిందీలతో పాటు మరాఠీ, తుళు సైతం ఆయనకు వచ్చు. పలు రాష్ట్రాల వారు పక్కపక్కనే బ్రతికే బస్తీలో పెరిగిన పిల్లలకు భాషలు బడిలో కాదు, పంపు దగ్గర వస్తాయి. మా ఊరి బస్తీలలో పెరిగిన పిల్లలు హిందీ, బంగ్లా, ఒడియా, తెలుగు కలగలిపి ఆడుకోవడం చూసేవారికి ఈ సంగతి తెలిసినదే.

ధ్వన్యనుకరణ తెలుగువారికి పరాయి విద్య కాదు. వరంగల్లుకు చెందిన నేరెళ్ళ వేణుమాధవ్ గారు (1932–2018) ఆ విద్యను ఒక గౌరవప్రదమైన కళగా నిలబెట్టారు. 1971లో ఐక్యరాజ్యసమితిలో ప్రదర్శన ఇచ్చి, 2001లో పద్మశ్రీ పురస్కారం అందుకున్నారు. జాన్‌కు అటువంటి సభలు, సన్మానాలు అప్పటికి చాలా దూరం. ఆయనకు ముందుగా దొరికిన వేదిక కర్మాగారం.

డ్రమ్ములు మోసిన భుజాలు

తండ్రి పనిచేసే హిందుస్థాన్ లీవర్ కర్మాగారంలోనే జాన్ కూడా కార్మికుడుగా చేరారు. అక్కడ ఆరేళ్ళు పనిచేశారు. నూరు కిలోల బరువు గల డ్రమ్ములను మోయడం ఆయన పనిలో భాగం. తండ్రి వెంట కొడుకు అదే గేటులో అడుగు పెట్టడం, అదే సైరను మోతకు ఇద్దరూ నిద్ర లేవడం పారిశ్రామిక పట్టణాలలో తరచు కనిపించే దృశ్యమే. ఆ ఇళ్ళలో గడియారం కన్న షిఫ్టు ముఖ్యం.

బరువు పని చేసేచోట హాస్యానికి ఉన్న స్థానాన్ని బయటివారు తక్కువగా అంచనా వేస్తారు. యంత్రాల హోరులో గంటల తరబడి ఒకే పని చేసే మనిషికి శరీరం ఎంత అలసిపోతుందో, మనస్సు అంతకన్న ఎక్కువగా మొద్దుబారుతుంది. అటువంటి సమయంలో పక్కనున్నవాడు విసిరిన ఒక చమత్కారం చల్లని మజ్జిగ వంటిది. ప్రతి విభాగంలోనూ, ప్రతి షిఫ్టులోనూ అటువంటి మనిషి ఒకడుంటాడు. వాని పేరు హాజరుపట్టీలో మామూలుగానే ఉంటుంది. కాని ఆ రోజు వాడు సెలవు పెడితే అందరికీ ఏదో వెలితి తోస్తుంది. హిందుస్థాన్ లీవర్‌లో తోటి కార్మికులకు జాన్ అటువంటివాడు. పని మధ్యలో, భోజన విరామంలో నడకలు నడిచి, గొంతులు మార్చి వారిని నవ్వించేవాడు.

ఆ వేదిక మీద

ఒకసారి కంపెనీ వేడుక జరిగింది. కార్మికులు, అధికారులు అందరూ హాజరైన ఆ వేదిక మీద జాన్ అనుకరించింది సినిమా నటులను కాదు, ఎదురుగా కూర్చున్న తన పై అధికారులనే. వారి మాట తీరు, కూర్చునే తీరు, ఆజ్ఞాపించే తీరు కళ్ళకు కట్టాడు. సభ నవ్వులతో దద్దరిల్లింది. ఇక నీవు జానీ లీవర్‌వేనని కార్మికులు పేరు పెట్టారు. జాన్ జానీ అయ్యాడు, జనుమలవారి కుర్రవాడు లీవర్ వాడయ్యాడు. తరువాతి కాలంలో ఆయన చిత్రసీమలో ప్రవేశించినప్పుడు ఆ పేరుతోనే ప్రవేశించారు.

ఈ ఘట్టాన్ని కొంచెం నిదానంగా పరిశీలించవలసి ఉన్నది. పై అధికారిని అనుకరించడం చిన్న సాహసం కాదు. హాస్యం ఒక గీత దాటితే అవహేళన అవుతుంది, గీతకు చాలా ఇవతల ఆగితే ముఖస్తుతి అవుతుంది. ఆ గీత మీద నడిచే నేర్పు మన పల్లెలలో ఒకప్పుడు పగటివేషగాళ్ళకు ఉండేది. వారు ఊరిలో విడిది చేసి, రోజుకొక వేషం కట్టి, ఊరి పెద్దలనూ, ఉద్యోగులనూ, వారి దర్పాన్నీ వీధిలోనే ప్రదర్శించేవారు. చివరి రోజున ఆ పెద్దల ఇళ్ళకే వెళ్ళి సంభావన అడిగేవారు. పెద్దలు నవ్వి ఇచ్చేవారు. తోలుబొమ్మలాటలో కేతిగాడు రాజుల కథ నడుమ జొరబడి ఎవరినైనా ఎంతమాటైనా అనగలగడం కూడా ఆ కోవలోనిదే. నవ్వే స్వాతంత్ర్యాన్ని ఊరు ఆ వేషగానికి ఇచ్చింది, ఆ స్వాతంత్ర్యాన్ని దుర్వినియోగం చేయని బాధ్యతను వేషగాడు వహించాడు.

బొంబాయి కర్మాగారపు వేదిక మీద జరిగినది ఆ పాత ఒప్పందమే. ఒక బరువుల కూలీ తన అధికారులను ఇంత సూక్ష్మంగా గమనించాడంటే, డ్రమ్ము మోస్తున్నప్పుడు వాని కళ్ళు, చెవులు ఎంత మెలకువగా ఉన్నాయో ఊహించవచ్చు. వాడు మోసేది బరువే గాని వాడు కేవలం బరువు మోసే యంత్రం కాడని ఆ సాయంత్రం అందరికీ తెలిసింది. కార్మికుల నవ్వులో వినోదంతో పాటు ఆ ఎరుక కూడా ఉన్నదని మా అభిప్రాయం. పేరు పెట్టినది యాజమాన్యం కాదు, ప్రకటనల శాఖ కాదు, తోటి కార్మికులు. అది వారు తమవానికి ఇచ్చిన బిరుదు.

లీవర్ అన్న మాట వెనుక

ఇంతకూ ఈ లీవర్ ఎవరు? ఇంగ్లండులోని బోల్టన్‌లో 1851లో జన్మించిన విలియం హెస్కెత్ లీవర్ తన సోదరుడు జేమ్స్‌తో కలిసి స్థాపించిన సబ్బుల వ్యాపారమే లీవర్ బ్రదర్స్. వారి సన్‌లైట్ సబ్బు పెట్టెలు 1888లోనే కలకత్తా రేవులో దిగాయి. 1933లో లీవర్ బ్రదర్స్ ఇండియా సంస్థ ఏర్పడింది, 1956లో పలు సంస్థల కలయికతో హిందుస్థాన్ లీవర్ అయింది, 2007లో హిందుస్థాన్ యూనిలీవర్‌గా పేరు మార్చుకున్నది.

1888లోనే లివర్‌పూల్ సమీపాన తన కార్మికుల కోసం పోర్ట్ సన్‌లైట్ అనే ఆదర్శ గ్రామ నిర్మాణాన్ని లీవర్ ప్రారంభించాడు. ఇళ్ళు, తోటలు, బడి, సమావేశ మందిరం అన్నీ కర్మాగారం పక్కనే వెలిశాయి. జంషెడ్‌పూర్ వాసులకు ఈ మాట వినగానే మరొకటి జ్ఞాపకం రాక మానదు. నీడనిచ్చే చెట్లతో విశాలమైన వీధులు ఉండాలని, ఆటలకు మైదానాలు, అన్ని మతాల వారికి ప్రార్థనాలయాలు ఉండేలా స్థలం కేటాయించాలని జంషెట్జీ టాటా 1902లో తన కుమారుడు దొరాబ్జీకి లేఖ వ్రాశారు. బిష్టుపూర్‌లో ఆంధ్ర భక్త శ్రీరామ మందిరం ఉన్నదన్నా, దాని చుట్టూ ఒక తెలుగు లోకం అల్లుకొన్నదన్నా, అందుకు మూలం ఈ పట్టణం పలు ప్రాంతాల వారికి చోటివ్వడమే. కర్మాగారం జీతమిస్తుంది, ఊరు ఆశ్రయమిస్తుంది. అరుదుగా, జాన్ విషయంలో వలె, పేరు కూడా ఇస్తుంది.

చాప్లిన్ పోలిక

ఆంగ్లదేశపు పేరొకటి మన తెలుగువానికి అంటుకొన్నది గనుక, ఆ దేశం లోకానికిచ్చిన అతి గొప్ప హాస్యనటుని ఇక్కడ తలచుకోవడం సముచితం. చార్లీ చాప్లిన్ 1889 ఏప్రిల్ 16న జన్మించి లండన్ పేదపేటలలో పెరిగాడు. తల్లిదండ్రులిద్దరూ వినోదశాలలలో పాటలు పాడి పొట్టపోసుకొన్నవారే. తండ్రి తాగుడుకు బలై 38 ఏళ్ళ వయస్సులో మరణించాడు. తల్లి ఆరోగ్యం చెడడంతో ఏడవ ఏటనే చాప్లిన్ అనాథలను, నిరుపేదలను ఉంచే శరణాలయంలో చేరవలసి వచ్చింది. తాను అయిదవ ఏట తొలిసారి వేదిక ఎక్కిన వైనం ఆయన 1964లో వెలువడిన ఆత్మకథలో చెప్పుకున్నాడు. పాడుతూ ఉండగా తల్లి గొంతు పోయింది, ఆమె స్థానంలో పిల్లవానిని నిలబెట్టారు. పిల్లవాడు పాడి, మధ్యలో అమాయకంగా తల్లి గొంతు జీరపోయిన తీరును కూడా అనుకరించాడు. సభ నవ్వింది. ఆ నవ్వు వెనుక ఒక ఇల్లు కూలుతున్నదని సభకు తెలియదు.

ఫ్రెడ్ కార్నో బృందంలో తర్ఫీదు పొంది, అమెరికా చేరి, 1914 నుండి వెండితెర మీద వెలసిన ఆయన దేశదిమ్మరి పాత్రను పరిచయం చేయనక్కరలేదు. కర్మాగార ఉద్యోగులకు మాత్రం ఆయన 1936 నాటి మోడరన్ టైమ్స్ చిత్రం ప్రత్యేకమైనది. అందులో ఆయన కదిలే పట్టీ ముందు నిలబడి రోజంతా మరలు బిగించే కార్మికుడు. పట్టీ ఆగినా ఆయన చేతులు ఆగవు, బిగించడమే అలవాటై కనబడిన ప్రతిదానినీ బిగించబోతాడు. భోజన విరామాన్ని తగ్గించడానికి యజమాని తెప్పించిన అన్నం తినిపించే యంత్రం మొరాయించే దృశ్యం చూసి నవ్వనివారు లేరు. ఆ చిత్రానికి అయిదేళ్ళ ముందు, 1931 సెప్టెంబరులో, రౌండ్ టేబుల్ సమావేశానికి వచ్చిన గాంధీజీని చాప్లిన్ లండన్‌లో కలుసుకొని, యంత్రాల పట్ల ఆయన అభిప్రాయాన్ని అడిగి తెలుసుకొన్నాడు.

చాప్లిన్ స్థాయి వేరు, జానీ లీవర్ స్థాయి వేరు. ఇద్దరినీ తూకం వేయడం మా ఉద్దేశం కాదు. చాప్లిన్ తన చిత్రాలకు తానే రచయిత, దర్శకుడు, నిర్మాత. జానీ లీవర్ ఇతరులు తీసిన చిత్రాలలో తనకిచ్చిన కాస్త చోటును నింపిన నటుడు. కాని ఒక్క విషయంలో ఇద్దరికీ సామ్యం ఉన్నది. ఇద్దరి హాస్యానికీ ముడిసరుకు ఆకలి. ఇద్దరూ చిన్ననాడే మనుషులను నిశితంగా గమనించడం నేర్చుకున్నారు. ఎదుటివాని ముఖంలో కోపం, జాలి, బేరం తేడాలు క్షణంలో పసిగట్టలేని పిల్లవానికి వీధిలో అన్నం పుట్టదు.

ఉద్యోగం విడిచిన రోజు

కర్మాగారంలో పనిచేస్తూనే జానీ సంగీత విభావరులలో హాస్య ప్రదర్శనలు ఇచ్చేవారు. క్రమంగా ప్రసిద్ధ సంగీత దర్శకులు కల్యాణ్‌జీ-ఆనంద్‌జీల బృందంలో చేరారు. ప్రదర్శనలు పెరిగిన కొద్దీ ఉద్యోగానికి, వేదికకు పొత్తు కుదరలేదు. 1981లో ఆయన హిందుస్థాన్ లీవర్ ఉద్యోగాన్ని విడిచిపెట్టారు. అప్పటికి ఆయన వయస్సు 24 సంవత్సరాలు.

ఈ ఒక్క వాక్యాన్ని ఉద్యోగ కుటుంబాల వారు చదివే తీరు వేరుగా ఉంటుంది. నెల మొదట జీతం వచ్చే ఉద్యోగం అంటే మన ఇళ్ళలో కేవలం డబ్బు కాదు. అది చెల్లెలి పెళ్ళి, తమ్ముని ఫీజు, అమ్మ మందులు, కిరాణా కొట్టులో అప్పు పుట్టే పరపతి. ఇంటికి పెద్ద కొడుకు దానిని వదిలి, నవ్వించడాన్ని నమ్ముకోవడం ఇంటిల్లిపాదికీ గుండె దడ పుట్టించే నిర్ణయం. నవ్వులకు భవిష్యనిధి లేదు, గ్రాట్యుటీ లేదు. ఒక రాత్రి జనం నవ్వకపోతే మరునాడు పిలుపు ఉండదు.

అయితే ఇది కళ్ళు మూసుకొని దూకిన దూకుడు కాదన్న సంగతి గమనార్హం. ఆరేళ్ళు ఆయన రెండు పడవల మీద కాలు పెట్టి జాగ్రత్తగానే నడిచారు. వేదిక తనను మోయగలదని రుజువైన తరువాతనే డ్రమ్ములు దించారు. కలలు కనే యువతరం జానీ లీవర్ రాజీనామాను మాత్రమే గాక, దానికి ముందున్న ఆ ఆరేళ్ళనూ జ్ఞాపకం ఉంచుకోవాలి.

వేదిక నుండి వెండితెరకు

1982లో అమితాబ్ బచ్చన్ బృందంతో కలిసి విదేశ యాత్రలో ప్రదర్శనలు ఇచ్చే అవకాశం లభించింది. ఒక ప్రదర్శనలో ఆయన ప్రతిభను గమనించిన సునీల్ దత్ తన దర్ద్ కా రిష్తా (1982) చిత్రంలో వేషం ఇచ్చారు. టేప్‌రికార్డర్ల ఆ కాలంలో హసీ కే హంగామే అనే హాస్య కేసెట్టు ఆయన గొంతును ఇంటింటికీ చేర్చింది. ముఖం తెలియకపోయినా గొంతు తెలిసిన మనిషి అయ్యారు.

1986లో హోప్ 86 అనే సహాయనిధి కార్యక్రమం జరిగింది. హిందీ చిత్రపరిశ్రమ ప్రముఖులు హాజరైన ఆ వేదిక మీద జానీని పిలిచినది ముఖ్య అంశంగా కాదు, రెండు అంశాల మధ్య ఖాళీని పూరించడానికి. ఖాళీ పూరించడానికి వచ్చినవాడే జనం మనస్సులో నిలిచిపోయాడు. దాని ఫలితంగా నిర్మాత గుల్ ఆనంద్ తన జల్వా (1987) చిత్రంలో నసీరుద్దీన్ షాతో పాటు నటించే అవకాశం ఇచ్చారు. తేజాబ్ (1988) వంటి చిత్రాలలో చిన్న వేషాలు వచ్చాయి. 1993లో విడుదలైన బాజీగర్ ఆయన దశ తిప్పింది. ప్రతి విషయాన్నీ మరచిపోయే బాబూలాల్ అనే నౌకరు పాత్ర అది. హత్యలు, ప్రతీకారం నిండిన ఆ కథలో బాబూలాల్ కనబడినప్పుడల్లా ప్రేక్షకులు ఊపిరి తీసుకొన్నారు.

ఆ తరువాతి దశాబ్దంలో ఆయన లేని పెద్ద హిందీ చిత్రం అరుదు అనిపించింది. కరణ్ అర్జున్ (1995), రాజా హిందుస్థానీ (1996), జుదాయి (1997), కుఛ్ కుఛ్ హోతా హై (1998), బాద్‌షా (1999) వంటివి వాటిలో కొన్ని. దీవానా మస్తానా (1997), దుల్హే రాజా (1998) చిత్రాలకు ఉత్తమ హాస్యనటుడుగా ఫిల్మ్‌ఫేర్ పురస్కారాలు అందుకొన్నారు. మొత్తం పదమూడు సార్లు ఆ పురస్కారానికి ఆయన పేరు పరిశీలనకు వచ్చింది. ఆయన నటించిన చిత్రాల సంఖ్య మూడు వందలు దాటింది.

తెలుగునాట ఇదే తరంలో శ్రీ బ్రహ్మానందం అత్తిలిలో తెలుగు ఉపన్యాసకుని ఉద్యోగం నుండి చిత్రసీమకు వచ్చారు. ఒకరు తరగతి గది నుండి, మరొకరు కర్మాగారం నుండి. నవ్వించేవారు ఆకాశం నుండి ఊడిపడరని, మన మధ్యనే, ఏదో ఒక హాజరుపట్టీలో సంతకం చేస్తూ ఉంటారని ఈ ఇద్దరి జీవితాలు చెబుతాయి.

నవ్వుకు మరోవైపు

ప్రశంసతో పాటు పరిశీలన కూడా ఉండాలి. 1990 దశకపు హిందీ చిత్రహాస్యంలో రంగును, శరీర లోపాలను, నత్తిని, వెర్రి ముఖకవళికలను నవ్వులాటకు వాడుకోవడం ఎక్కువగా ఉండేది. జానీ లీవర్ నటించిన కొన్ని పాత్రలు కూడా ఆ కోవలోనివే. నాడు పగలబడి నవ్విన దృశ్యాలను నేడు పిల్లలతో కలిసి చూసినప్పుడు కొన్నిచోట్ల ఇబ్బందిగా ఉంటుంది. అది ఒక్క నటుని దోషం కాదు, ఆనాటి రచనల దోషం. ప్రేక్షకులుగా మన వంతు కూడా అందులో ఉన్నది.

దక్షిణాదివారి హిందీ ఉచ్చారణను ఎగతాళి చేయడం హిందీ చిత్రాలకు పాత అలవాటు. 1968 నాటి పడోసన్‌లో మెహమూద్ ధరించిన సంగీతం మాస్టారు పాత్ర మొదలు ఎన్నో చిత్రాలలో దక్షిణాదివాడంటే నవ్వులాట వస్తువే. ఇక్కడి కార్యాలయాలలో, బడులలో తొలి రోజులలో తమ హిందీ విని ఎవరో నవ్వగా చిన్నబుచ్చుకొన్న తెలుగువారు అనేకులు. అటువంటి పరిశ్రమలోకి కనిగిరివాడొకడు వెళ్ళి, హిందీనే తన పనిముట్టుగా చేసుకొని, హిందీవారినే నవ్వించి తిరుగులేని స్థానం సంపాదించడం చిన్న విషయం కాదు. తనను చూసి ఎవరూ నవ్వకముందే తానే వారిని నవ్వించాడు. ఈ రెంటికీ ఉన్న తేడా పరాయి రాష్ట్రంలో బ్రతికేవారికి బాగా తెలుసు.

కాలక్రమంలో కథానాయకులే హాస్యం కూడా పండించడం మొదలుపెట్టారు. హాస్యనటునికి విడిగా కథాభాగం కేటాయించే పద్ధతి తగ్గింది. జానీ లీవర్ పాత్రలూ తగ్గాయి. అయినా ఆయన వేదికను వదలలేదు. గోల్‌మాల్ 3 (2010)లో మతిమరుపు గల పప్పీ భాయ్‌గా మళ్ళీ ప్రేక్షకులను అలరించారు. గోల్‌మాల్ అగైన్ (2017)లోనూ కనిపించారు.

తరువాతి తరం

తమ్ముడు జిమ్మీ మోజెస్ కూడా ధ్వన్యనుకరణ కళాకారుడే. కుమార్తె జేమీ లండన్‌లో ఉన్నత విద్య అభ్యసించి, అక్కడే కొంతకాలం ఉద్యోగం చేసి, దానిని వదిలి తండ్రి బాటలో హాస్య వేదిక ఎక్కారు. తండ్రి విడిచినది బొంబాయి కర్మాగారంలో ఉద్యోగం, కుమార్తె విడిచినది లండన్‌లో ఉద్యోగం. ఒక తరంలో ఒక కుటుంబం ఎంత దూరం ప్రయాణించగలదో ఈ రెండు ఉద్యోగాల మధ్య తేడాయే చెబుతుంది. ఆమె కూడా లీవర్ అన్న పేరుతోనే ప్రసిద్ధురాలు. అనగా, కార్మికులు సరదాగా పెట్టిన పేరు రెండవ తరానికి నిజమైన ఇంటిపేరే అయింది.

మనకు మిగిలేది

సంస్థలు తమ చరిత్రను వ్రాసుకున్నప్పుడు ఉత్పత్తి లెక్కలు, విస్తరణ పథకాలు, అవార్డులు అందులో చేరుతాయి. భోజన విరామంలో ఎవరు నవ్వించారన్నది ఏ వార్షిక నివేదికలోనూ ఉండదు. కాని మనుషులు ఒకచోట ముప్పయ్యేళ్ళు పనిచేసి పదవీ విరమణ చేసిన తరువాత జ్ఞాపకం చేసుకొనేవి ఆ నవ్వులే. వీడ్కోలు సభలలో వక్తలు చెప్పేది ఫైళ్ళ గురించి కాదు, ఆ ఫైళ్ళ మధ్య నడిచిన చమత్కారాల గురించే.

మన విభాగాలలోనూ చక్కగా పాడేవారు, బొమ్మలు గీసేవారు, ఎవరినైనా అనుకరించగలవారు ఉన్నారు. విశ్వకర్మ పూజనాడో, వార్షికోత్సవంనాడో వారికి మైకు అందించడం ఎంత అవసరమో, ఆ మైకులో తమ గొంతునే విన్నప్పుడు అధికారులు మనసారా నవ్వడమూ అంతే అవసరం. ఆనాటి బొంబాయి సభలో కార్మికులు నవ్వడంతో పాటు, ఆ నవ్వుకు చోటు దొరకడం కూడా జరిగింది. ఆ చోటు దొరకకపోతే జాన్ ప్రకాశరావు మంచి కార్మికుడుగానే మిగిలి ఉండేవాడేమో.

ఇంగ్లండులో ఒక సబ్బుల వ్యాపారి పేరుగా మొదలైన మాట బొంబాయి కర్మాగారం గేటు మీదికి వచ్చి, అక్కడి నుండి కనిగిరి కూలివాని పేరు చివర చేరింది. ఆ వ్యాపారి పేరు గేటు మీది నుండి 2007లో కొంత మారింది. తోటి కార్మికులు తమవానికి ఇచ్చిన పేరు మాత్రం మారలేదు.